ఊరి బయలు ఎవరి లెక్కలో ఉంది?



స్కాలర్‌షిప్ అందుకున్న పిల్లలు ఫీజుల గురించి, పుస్తకాల గురించి, మార్కుల గురించి అడుగుతారు. చదువుకు కావలసినది ఇంకొకటి ఉంది. అది చోటు. ఒక్క గది ఇంట్లో పెరిగే ఆడపిల్లకు సముదాయ భవనం వరండాయే చదువుకునే గది. కూలికి పోయే ఇంటి పిల్లవాడికి పంట తీసిన చేనే కబడ్డీ మైదానం. ఆ చోటికి ఒకరోజు కంచె పడితే ఏమి చేయాలి? ఈ పాఠం దాని గురించే.

నాది పావగడ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చినవాణ్ణి. చాలా ఏళ్ళు డ్రాయింగ్ మాస్టరుగా పని చేశాను. బొమ్మ గీయడం బహుమతి కోసమే కాదు, బొమ్మతో లెక్క కూడా అడగవచ్చునని పిల్లలకు చెప్పడం నా ఉద్దేశం.

1. మన తాలూకా నేర్పే పాఠం

పావగడ సోలారు పార్కు గురించి మీకందరికీ తెలుసు. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు దానిని ప్రారంభించారు. 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల సామర్థ్యానికి చేరింది. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు అనే అయిదు ఊళ్ళలో సుమారు 13,000 ఎకరాల్లో ఉంది. భూమిని కొనలేదు, రైతుల వద్ద బాడుగకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు అని ఒప్పందం. వానలు లేక చెనక్కాయ పంట ఎండిపోయే మన నేలకు ఏటా ఇంత రావడం చిన్న మేలు కాదు.

అయితే బాడుగ అందేది పట్టా ఉన్నవారికి. భూమి లేని కూలీలకు, గొర్రెల కాపరులకు ఆ లెక్కలో చోటు దొరకలేదని పత్రికలూ పరిశోధకులూ పలుమార్లు రాశారు. పంట లేని నెలల్లో బయలు చేలలో గొర్రెలు మేస్తాయి, అడ్డదారులు పడతాయి, పిల్లలు ఆడుకుంటారు. ఇవి కాగితం మీద ఎవరి హక్కూ కావు. అది వాడుక. కంచె పడినప్పుడు హక్కుకు డబ్బు వస్తుంది, వాడుకకు రాదు. ఈ పాఠంలో ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకున్నా చాలు. సోలారు పార్కుకే కాదు, లేఅవుట్లకూ గోడౌన్లకూ ఇది వర్తిస్తుంది.

లెక్కలో లేనిదానిని లెక్కలోకి తేవాలంటే, ముందు అది ఉన్నదని పదిమందికీ కనిపించాలి. ఇక్కడే కళ పనికి వస్తుంది.

2. కలిసి చేసే కళ అంటే ఏమిటి?

ఒక కళాకారుడు వచ్చి పేదపిల్లల బొమ్మ గీసి వెళ్ళిపోతే, అది వారి గురించిన కళ. పిల్లలే గీసి, పిల్లలే ఆడి, దాని అర్థం కూడా వారే చెబితే, అది వారు చేసిన కళ.

బ్రెజిల్ దేశానికి చెందిన ఆగస్టో బోల్ అనే నాటక దర్శకుడు ఫోరం నాటకం అనే పద్ధతి తెచ్చారు. కష్టం ఎదురైన చోట నాటకం ఆగుతుంది. చూసేవారిలో ఒకరు లేచి వచ్చి, ఆ పాత్ర తాను వేసి, వేరే దారి చూపుతారు. 1993 నుంచి 1996 వరకు బోల్ రియో డి జనీరో నగర సభలో సభ్యుడుగా ఉన్నారు. ఇలాంటి నాటకాలలో ప్రజలు చెప్పిన మాటల నుంచి ఆ కాలంలో 13 చట్టాలు వచ్చాయి. మన దేశంలో 1985లో మొదలైన పశ్చిమ బెంగాల్లోని జన సంస్కృతి సంస్థ పల్లెల్లో ఈ పద్ధతిని నడుపుతోంది.

తెలుగునాట జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఉన్నారు. చాలామంది దళిత కుటుంబాల వారు, బడికి పోనివారు. వారే కెమెరా పట్టి తమ పొలాల మీద, విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

3. మీరు చేయవలసిన పని

ఒకటి: ఎనిమిది, పది మంది కలిసి ఊరి పటం గీయండి. నేల మీద ముగ్గుపిండితో గీసినా చాలు. మీరు ఆడుకునే, చదువుకునే, ఊరికే కూర్చునే చోట్లు గుర్తించండి.

రెండు: అదే ఊరిని అవ్వ, తాత చెప్పినట్టుగా ఇంకో పటం గీయండి. రెండూ పక్కపక్కన పెడితే ఏ చోట్లు పోయాయో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మూడు: ప్రతి చోటికీ ఎవరు పోగలరు, ఎవరు పోలేరు అని వేరే రంగుతో గుర్తు పెట్టండి. రచ్చకట్ట అందరిదీ అని పేరే గాని, అన్ని వీధుల పిల్లలూ అక్కడ కూర్చోగలరా? నేను గమనించినది మరొకటి చెబుతాను. మైదానం పోతే మగపిల్లలు ఇంకో చోటు వెతుక్కుంటారు. బడి పక్కన ఉన్న చోటు పోతే ఆడపిల్లలు ఇంటికే పరిమితమవుతారు.

నాలుగు: ఆ చోట్ల పహణీలు చూడండి. గోమాళమా, ఖరాబా, ఒకరి పట్టానా అన్నది తెలుసుకోండి. కర్ణాటక భూ కందాయ చట్టం 1964, 71వ సెక్షన్ కింద ప్రభుత్వ భూమిని మేతకూ ప్రజల అవసరాలకూ కేటాయించవచ్చు. నిబంధనల్లో 100 పశువులకు 12 హెక్టార్ల మేత భూమి అని ఉంది. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. పటం, పహణీ పక్కపక్కన ఉంటే మీ మాటకు బలం వస్తుంది.

అయిదు: ఒక చోటు పోయిన కథను పది నిమిషాల ఆటగా కట్టి, ఫోరం నాటకంలా ఆడండి. ఎవరినీ పేరు పెట్టి దూషించవద్దు. "ఇప్పుడు మీరైతే ఏమి చేస్తారు?" అని ఊరివారిని అడగండి.

ఆరు: పటాన్నీ ఊరివారు చెప్పిన దారులనూ మక్కళ గ్రామసభకు తీసుకుపోండి. పిల్లల కోసం ఈ సభలు జరపాలని 2006లోనే కర్ణాటక ప్రభుత్వం పంచాయతీలకు ఆదేశించింది. అర్జీ రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

4. తల్లిదండ్రులకు ఒక మాట

"ఆటల మీద పడితే చదువు పోతుంది" అనే భయం న్యాయమైనదే. కానీ పటం గీసే పిల్లలు కొలతలు, చట్టం, చరిత్ర, పదిమందిలో మాట్లాడడం ఒకేసారి నేర్చుకుంటారు. ఆటా, విశ్రాంతీ, కళలూ పిల్లల హక్కు అని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతోంది. భారతదేశం 1992లో దానిని అంగీకరించింది.

పెద్దలు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రోజర్ హార్ట్ అనే పండితుడు 1992లో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపారు. పెద్దలు రాసిచ్చిన మాట పలికించడం, అలంకారానికి నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం, ఈ కింది మూడు మెట్లూ భాగస్వామ్యమే కాదన్నారు. కాబట్టి పటం మీద పెన్సిలు పిల్లల చేతిలోనే ఉండనివ్వండి.

పటం గీసినంత మాత్రాన పోయిన బయలు తిరిగి రాకపోవచ్చు. అయితే మిగిలిన చోటికి పంచాయతీ తీర్మానంలో ఒక పేరు, ఒక సర్వే నంబరు పడవచ్చు. ఆ తరువాత అది ఎవరికీ చెందని బయలు అని ఎవరూ అనలేరు.

అభ్యాసం

1. హక్కుకూ వాడుకకూ తేడా ఏమిటి? మీ ఊరి నుంచి ఒక్కొక్క ఉదాహరణ రాయండి.
2. మీ ఊరిలో పిల్లలందరూ పోగల చోట్లు ఎన్ని? కొందరే పోగలవి ఎన్ని? ఎందుకు?
3. మీ బడిలో జరిగిన ఒక కార్యక్రమం హార్ట్ నిచ్చెనలో ఎన్నో మెట్టు మీద ఉందో ఆలోచించండి. కారణం మీ తల్లిదండ్రులతో చర్చించండి.