అడవి ఒక్కటే, అక్కరలు అనేకము

గ్రామమునకు చేరువనున్న ప్రభుత్వపు అడవి ఒక్కటే యైనను, దానివలన తీరవలసిన అక్కరలు అనేకము. రైతునకు నాగలికొయ్య, ఇంటికి వాసములు, పశువులకు మేత, పొయ్యికి కట్టెలు, మేదరులకు వెదురు, కూలివారికి వేసవిలో తునికాకు, గిరిజనులకు ఇప్పపూవు, తేనె, బంక - ఇవన్నియు అచ్చటినుండియే రావలెను. చెరువునకు నీరు చేర్చుట, వానకు మన్ను కొట్టుకొనిపోకుండ నిలుపుట, వన్యమృగములకు నెలవగుట అనునవి అంగడిలో వెలకట్టరాని లాభములు. ఇన్ని పనులు ఒక్క అడవి తరతరములు చేయవలెనన్నచో ముందుచూపుగల ప్రణాళిక అవసరము. అట్టి ప్రణాళికను గురించి పంచాయతీ సభ్యులు ఎరుగదగిన ముఖ్యవిషయములను ఇచ్చట వివరింతుము.

అసలు, వడ్డీ

అడవిని మూలధనముగను, ఏటేట పెరుగు కలపను దానిపై వచ్చు వడ్డీగను భావింపవలెను. వడ్డీతో సరిపుచ్చుకొన్నంతకాలము అసలునకు లోటు రాదు. 800 ఎకరముల టేకు అడవిలో చెట్టు 80 ఏండ్లకు కోతకు వచ్చుననుకొందము. ఏడాదికి 10 ఎకరములు మాత్రమే కొట్టి, కొట్టినచోట మరల పెంచుచు వచ్చినచో, 81వ యేట మొదటి ఖండములోనే పండిన చెట్లు సిద్ధముగా నుండును. ఏడాదికి 20 ఎకరముల చొప్పున కొట్టినచో 40 ఏండ్లకే అడవి ముగియును. అప్పటికి మొదట నాటిన చెట్టు సగము వయస్సులోనే యుండును. ఇట్లు ఏటేట కొట్టు ఖండమునే కూపు అందురు. నేల సారము అంతట ఒక్కరీతిగా నుండదు గనుక అసలు లెక్క ఇంతకంటె చిక్కైనది. సూత్రము మాత్రము ఇదియే.

మన దేశములో ఈ పద్ధతికి పునాది వేసినవారిలో డీట్రిచ్ బ్రాండిస్ ముఖ్యుడు. ఆయన బర్మా టేకు అడవులలో చెట్లను లెక్కింపజేసి కోతకు హద్దు నిర్ణయించెను. 1864లో భారతదేశపు అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆయెను. నేడు ప్రతి అటవీ డివిజనుకును సాధారణముగా 10 ఏండ్లకొక కార్యప్రణాళిక వ్రాయబడుచున్నది. ఆమోదము పొందిన ప్రణాళిక లేక అడవిలో చెట్లు కొట్టరాదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించినది.

తొలికాలపు ప్రణాళికలకు కలప, రాబడి ఇవియే ప్రధానములు. 1952 నాటి జాతీయ అటవీ విధానము అడవులను రక్షణకొరకు, దేశావసరములకొరకు, గ్రామములకొరకు అని విభజించి, చెట్లు పెంచు భూములను నాల్గవ తరగతిగా చేర్చెను. 1988 నాటి విధానము రాబడిని వెనుకకు జరిపి, ప్రకృతి సమతుల్యమునకును, అడవినానుకొని బ్రదుకువారి అవసరములకును ముందుస్థానమిచ్చెను.

ఒకరి లాభము, వేరొకరి నష్టము

పలువురి అక్కరలు తీర్చుటలో చిక్కు ఏమనగా, ఒక వాడుక మరియొకదానికి అడ్డు వచ్చును. ఇప్పపూవు ఏరుటకు అనువుగా నుండునని చెట్టుక్రింద ఎండుటాకులకు నిప్పు పెట్టుట కలదు. తునికి పొదలు లేతగా చిగుర్చునని అడవిని కాల్చుటయు కలదు. ఆ మంటలో టేకు, మద్ది, వేగిస మొలకలు మాడిపోవును. ఇప్పచెట్టు క్రింద నేల ఊడ్చుకొనినను, వేసవికి ముందే తునికి పొదలను కత్తిరించినను పూవును, ఆకును దక్కును, మొలకయు బ్రదుకును.

వెదురు సంగతి వేరు. వానకాలములో క్రొత్త పిలకలు వచ్చును గనుక ఆ నెలలలో నరకరాదు. క్రొత్త బొంగులు పొద అంచునను, ముదురు బొంగులు నడుమను ఉండును. చేతికందిన అంచు బొంగులనే నరికినచో పొద చిక్కుపడి చెడును. ఏడాది, రెండేండ్ల బొంగులను విడిచి ముదురువానినే తీయవలెను. కొన్ని దశాబ్దుల కొకమారు ఒక ప్రాంతపు వెదురు అంతయు పూచి చచ్చును. అప్పుడు రాలిన విత్తులనుండియే క్రొత్త అడవి రావలెను గనుక, ఆ చోటికి కొన్నియేండ్లు పశువులను తోలరాదు.

మేత మూసినచో ఆ భారము ఎవరిపై బడును? పొలముగల రైతునకు వాములో గడ్డి యుండును. నాలుగు మేకలతో సంసారము నడుపు పేదరాలికి ఏమున్నది? ఈ ప్రశ్నకు జవాబు లేని ప్రణాళిక కాగితముమీదనే నిలుచును. రాత్రివేళ కంచె తెగును. కావున అడవిని నాలుగు భాగములు చేసి, ఒక్కొక్క దానిని 5 ఏండ్ల చొప్పున వంతులవారీగా మూయుట మేలు. నాలుగింట మూడుభాగములు ఎల్లప్పుడు తెరచియే యుండును. మూసిన భాగములోనుండి గడ్డిని కొడవలితో కోసికొనిపోనీయవచ్చును. ఈ వంతు పూర్తియగుటకు 20 ఏండ్లు పట్టును. అనగా రెండు ప్రణాళికలు ఒకే మాటపై నిలువవలెను.

గ్రామసభ అధికారము

2006 అటవీ హక్కుల చట్టము ప్రకారము, తాము తరతరములుగా కాపాడుకొనుచున్న సాముదాయిక అటవీ వనరులను రక్షించి, పెంపొందించి, నిర్వహించు హక్కు గ్రామప్రజలకు కలదు. వెదురు, తునికాకు మొదలగునవి ఈ చట్టములో చిన్నతరహా అటవీ ఫలసాయములుగా చెప్పబడినవి. నిర్వహణ ప్రణాళికను సిద్ధపరచుటకు గ్రామసభ ఒక సంఘమును ఏర్పరచవలెను. సభలో సభ్యులలో సగమునకు తక్కువగాకుండ హాజరు కావలెను. హాజరైనవారిలో మూడవవంతు స్త్రీలుండవలెనని 2012లో సవరించిన నియమములు చెప్పుచున్నవి. తీర్మానము గ్రామసభది, పంచాయతీ సభ్యులు దానికి తోడ్పడవలెనే గాని, సభకు మారుగా తామే తీర్మానింపరాదు.

దీనికి నిదర్శనములు కలవు. పశ్చిమ బెంగాలులోని అరబారిలో 1972 ప్రాంతమున 11 గ్రామముల ప్రజలు 1,272 హెక్టార్ల సాల అడవిని కాపాడ పూనుకొనిరి. పని, వంటచెరకు, తుదకు రాబడిలో నూటికి 25 వంతులు వారికి లభించెను. మోడువారిన అడవి మరల లేచెను. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మేంఢా-లేఖా గ్రామమునకు 2009లో సుమారు 1,800 హెక్టార్లపై హక్కు కలిగినది. 2011లో వెదురు రవాణా అనుమతిపత్రములు గ్రామసభ చేతికే వచ్చినవి.

సభ్యులు చేయదగిన పని

మొదట పెద్దలతోను, పశువుల కాపరులతోను, కట్టెలు తెచ్చు స్త్రీలతోను కలిసి అడవి హద్దులు నడచి చూచి పటము గీయవలెను. పిమ్మట ఏ మాసమున ఎవరు ఏమి తెచ్చుకొనుచున్నారో పట్టికగా వ్రాయవలెను. నీటి ఊటలు, నిటారు కొండవాలు గల చోట్లను కోత లేకుండ విడువవలెను. తక్కినచోట్ల ఏది ఎంత తీయవచ్చునో, ఏది ఎప్పుడు మూయవలెనో, మూసినందున నష్టపడువారికి ఏమి చేయవలెనో నిర్ణయింపవలెను. డివిజను కార్యప్రణాళిక మరల వ్రాయబడు సమయము తెలిసికొని, అంతకుముందే గ్రామసభ తీర్మానమును అటవీశాఖకు అందజేయవలెను. ప్రణాళిక ఒకసారి ఆమోదము పొందినచో మార్పునకు చాలకాలము వేచియుండవలసి వచ్చును. వచ్చిన రాబడి లెక్కను ఏటేట సభలో చదువవలెను.

నేడు నాటిన టేకుమొక్కను కోయువారు మన మనుమలు. వారి వాటా వారికి మిగులవలెనన్నచో, ఆ లెక్కకు మన గ్రామసభలు ఈ యేడే పూనుకొనవలెను.