జీవ ఇంధన విధానం - రైతు పాత్ర

మన దేశం తనకు కావలసిన ముడి చమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి కొంటోంది. ఎక్కడో పశ్చిమాసియాలో యుద్ధమేఘాలు కమ్ముకుంటే ఇక్కడ మన ప్రభుత్వం లెక్కలు వేసుకోవలసి రావడానికి కారణం ఇదే. చమురు కోసం బయటికి పోయే డబ్బులో కొంతైనా మన పల్లెలకు మళ్లించవచ్చునా? పొలంలో పండిన దానితో బండి నడపవచ్చునా? ఈ ప్రశ్నల నుండి పుట్టినదే జీవ ఇంధన విధానం.

పోటీ పరీక్షలకు తయారయ్యే వారికి ఇది తెలిసిన అంశమే. కానీ మన హాస్టల్ విద్యార్థులకు ఇది పరీక్షను మించిన అంశం. మనలో చాలామంది వ్యవసాయ కూలీల ఇళ్ల నుండి, కౌలు రైతుల ఇళ్ల నుండి, ఎకరం రెండెకరాల అసైన్డు భూమి ఉన్న కుటుంబాల నుండి వచ్చినవారం. 2023-24 కార్మిక శక్తి సర్వే ప్రకారం దేశంలో పనిచేసే వారిలో సుమారు 46 శాతం మంది వ్యవసాయంలోనే ఉన్నారు. దేశ ఆదాయంలో వ్యవసాయం, దాని అనుబంధ రంగాల వాటా మాత్రం సుమారు 18 శాతమే. అనగా దాదాపు సగం మంది కష్టజీవులు ఐదో వంతు కంటే తక్కువ ఆదాయాన్ని పంచుకుంటున్నారు. జీవ ఇంధనం ఈ తేడాను తగ్గిస్తుందా, లేక రైతును ముడిసరుకు అందించే మనిషిగానే ఉంచేస్తుందా? ఈ వ్యాసంలో మనం చూడవలసింది ఇదే.

జీవ ఇంధనం అంటే ఏమిటి?

మొక్కల నుండి, పంట వ్యర్థాల నుండి, నూనెల నుండి తయారు చేసే ఇంధనమే జీవ ఇంధనం. వాహనాలకు వాడే వాటిలో రెండు ముఖ్యమైనవి.

మొదటిది ఇథనాల్. చెరకు రసం, మొలాసిస్, మొక్కజొన్న, నూకలు మొదలైన వాటి నుండి దీనిని తీస్తారు. గింజలలోని పిండి పదార్థాన్ని ముందుగా చక్కెరగా మారుస్తారు. ఈస్ట్ ఆ చక్కెరను పులియబెడుతుంది. రసాయన శాస్త్రం లెక్క ప్రకారం 180 గ్రాముల గ్లూకోజ్ నుండి 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. తరువాత బట్టీ పట్టి, నీటిని పూర్తిగా తొలగించి పెట్రోలులో కలుపుతారు.

రెండవది బయోడీజిల్. కానుగ, అడవి ఆముదం వంటి తినడానికి పనికిరాని నూనెలను మిథనాల్‌తో, కొద్దిపాటి క్షారంతో కలిపి వేడి చేస్తే బయోడీజిల్, గ్లిజరిన్ వేరుపడతాయి. ఒకసారి వాడిన వంటనూనె కూడా ఇందుకు పనికివస్తుంది. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ వాడడం ఆరోగ్యానికి హాని కాబట్టి, ఆహార భద్రతా సంస్థ 2018లో అటువంటి నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమం మొదలుపెట్టింది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1900 సంవత్సరం పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశెనగ నూనెతో నడిపి చూపించారు. ఆ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ కూడా మొక్కల నూనెలకు భవిష్యత్తు ఉందని నమ్మాడు. కానీ భూమి లోపలి చమురు చవకగా దొరకడంతో ప్రపంచం ఆ దారి మరిచిపోయింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగిన తరువాత, బ్రెజిల్ 1975లో చెరకు ఇథనాల్ పథకం ప్రారంభించి మళ్లీ ఆ దారి పట్టింది.

మన దేశంలో విధానం నడిచిన తీరు

2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపాలని నిర్ణయించారు. అందులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అదే సంవత్సరం ప్రణాళికా సంఘం కమిటీ బయోడీజిల్ కోసం అడవి ఆముదాన్ని పెద్ద ఎత్తున పెంచాలని సూచించింది. 2009లో జాతీయ జీవ ఇంధన విధానం వచ్చింది. 2017 నాటికి పెట్రోలు, డీజిల్ రెండింటిలోను 20 శాతం జీవ ఇంధనం కలపాలన్నది దాని లక్ష్యం. అది నెరవేరలేదు. 2013-14లో పెట్రోలులో కలిసిన ఇథనాల్ ఒకటిన్నర శాతమే.

2018లో కొత్త విధానం ప్రకటించారు. పాడైన ధాన్యాన్ని, అవసరానికి మించి ఉన్న ధాన్యాన్ని కూడా ఇథనాల్‌కు వాడవచ్చునన్నారు. 2030కి పెట్టుకున్న 20 శాతం లక్ష్యాన్ని 2022లో సవరించి 2025-26కు ముందుకు జరిపారు. 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరుకున్నాం. బయోడీజిల్ మాత్రం ఒక శాతం లోపే ఆగిపోయింది.

ఒకే దేశం, ఒకే లక్ష్యం. ఇథనాల్ ముందుకు సాగింది, బయోడీజిల్ వెనుకబడింది. ఎందుకు? దీనికి జవాబు తెలిస్తే విధానాలు ఎలా గెలుస్తాయో, ఎలా ఓడిపోతాయో తెలుస్తుంది.

అడవి ఆముదం నేర్పిన పాఠం

అడవి ఆముదాన్నే నేపాళం అని కూడా అంటారు. పశువులు తినవు కాబట్టి పల్లెల్లో చేలకు కంచెగా నాటడం పాత అలవాటే. దీని గింజలు విషం, పిల్లలు తినకూడదు. "నీరు అక్కరలేదు, ఎరువు అక్కరలేదు, బంజరులో బంగారం పండుతుంది" అనే ధోరణిలో ఆ రోజుల్లో దీనికి ప్రచారం జరిగింది. 2011-12 నాటికి దేశంలో 20 శాతం డీజిల్ స్థానంలో ఇది రావాలంటే 1 కోటి 12 లక్షల హెక్టార్లు కావాలని ప్రణాళికా సంఘం కమిటీ లెక్క కట్టింది.

జరిగింది వేరు. నీరు లేకపోతే మొక్క బ్రతుకుతుందే గాని కాపు కాయదు. బ్రతకడం వేరు, పండడం వేరు. కాపు అందడానికి మూడు నాలుగు సంవత్సరాలు ఎదురు చూడాలి. రోజు కూలితో పూట గడిచే కుటుంబం అన్నాళ్లు ఎలా ఆగగలదు? ధర సంగతి ఇంకా విచిత్రం. 2006 జనవరి నుండి చమురు కంపెనీలు లీటరు బయోడీజిల్‌ను 25 రూపాయలకు కొంటాయని ప్రకటించారు. తయారీ ఖర్చే అంతకంటే ఎక్కువ. కంపెనీకి అమ్మేవాడు లేడు, రైతు దగ్గర గింజలు కొనేవాడు లేడు. పెరిగిన మొక్కలను చాలాచోట్ల పీకి వేశారు.

ఇక "బంజరు" అన్న మాట. ప్రభుత్వ రికార్డులో బంజరు అని రాసినంత మాత్రాన ఆ నేల ఎవరికీ పనికిరానిది కాదు. ఊరి మేకలు, గొర్రెలు మేసేది అక్కడే. కట్టెపుల్లలు, సీతాఫలాలు తెచ్చుకునేది అక్కడే. భూమి లేని కుటుంబాలకు అదే పొలం. అటువంటి నేలను ఇంధన తోటలకు ఇచ్చేటప్పుడు నష్టపోయేది ఎవరో ముందే ఆలోచించాలి. పేదలకు పంచిన అసైన్డు భూములను ఇతరులు కొనకుండా మన రాష్ట్రంలో 1977లోనే చట్టం చేశారు. ఆ చట్టం ఎందుకు అవసరమైందో మన పెద్దలను అడిగితే చెబుతారు.

పవర్‌గూడ మహిళలు చూపిన దారి

అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే గిరిజన గ్రామం ఉంది. అక్కడి మహిళా సంఘాలు ఇక్రిశాట్ శాస్త్రవేత్తల తోడ్పాటుతో కానుగ గింజల నుండి నూనె తీసే పని చేపట్టాయి. కానుగ మన నేలకు పరాయిది కాదు. దాని ఆకు పొలానికి పచ్చిరొట్ట, నూనె దీపానికి, చెక్క ఎరువుకు పనికివస్తాయని మన తాతలకు తెలుసు. గాలిలోని నత్రజనిని నేలకు చేర్చే గుణం కూడా ఈ చెట్టుకు ఉంది.

ఈ నూనె వాడకం వలన పదేళ్లలో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. నాటి విలువలో అది 30 వేల రూపాయల లోపే. మొత్తం చిన్నదే. కానీ ఇక్కడ గింజ ఏరేది మహిళలే, నూనె తీసేది మహిళలే, చెక్క మిగిలేది ఊరికే. అడవి ఆముదం పథకంలో రైతు గింజ అమ్ముకునేవాడు మాత్రమే. పవర్‌గూడలో గింజ తరువాతి విలువ కూడా పండించిన చేతుల్లోనే ఉంది. ఈ తేడాను విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

ఇథనాల్ లెక్క

ఇథనాల్ ఎందుకు నిలబడింది? 2014 డిసెంబరు నుండి ప్రభుత్వం ధరను ముందే ప్రకటించి, చమురు కంపెనీలతో కొనిపించడం మొదలుపెట్టింది. కొనేవాడు ఖాయం, ధర ఖాయం. కాబట్టి బ్యాంకులు అప్పులిచ్చాయి, ఫ్యాక్టరీలు వచ్చాయి. అయితే ఈ భరోసా ఎవరికి దక్కిందో చిన్న లెక్కతో చూద్దాం.

ఒక టన్ను మొక్కజొన్న నుండి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అనగా క్వింటాలుకు 38 లీటర్లు. 2024-25లో మొక్కజొన్న ఇథనాల్ ధర లీటరుకు 71 రూపాయల 86 పైసలు. కావున క్వింటాలు మొక్కజొన్నపై ఫ్యాక్టరీకి ఇథనాల్ ద్వారా వచ్చేది సుమారు 2,730 రూపాయలు. మిగిలిన పిప్పి పశువుల దాణాగా అమ్ముడుపోతుంది, అది అదనం. ఇందులో నుండే తయారీ ఖర్చులు పోవాలి. అదే సంవత్సరం రైతుకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,225 రూపాయలు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం ఉంది. ఫ్యాక్టరీకి 71.86 రూపాయలు తప్పక వస్తాయి. రైతుకు 2,225 తప్పక రావాలన్న చట్టం లేదు. మార్కెట్లో ధర పడిపోతే ఆ నష్టం రైతుదే. చెరకు రైతు పరిస్థితి కాగితం మీద కొంత మేలు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజులలో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలి. కానీ ఫ్యాక్టరీయే మూతపడితే ఏ ఉత్తర్వు ఏం చేస్తుంది? ఒకప్పుడు ఎంతో పేరున్న బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది.

తిండి, నీరు, పరిసరాలు

ఇథనాల్ కోసం మొక్కజొన్న వాడకం పెరగడంతో, ఎగుమతి చేసే మన దేశం 2024లో దిగుమతి చేసుకోవలసి వచ్చింది. కోళ్ల దాణాలో ప్రధాన భాగం మొక్కజొన్నే. దాణా ధర పెరిగితే గుడ్డు ధర పెరుగుతుంది. మన హాస్టల్ మెనూలో గుడ్డు ఉన్న రోజున ఇది గుర్తు చేసుకోండి. 2023లో ఆహార ధరలకు భయపడి ప్రభుత్వమే జూలైలో ఆహార సంస్థ బియ్యాన్ని, డిసెంబరులో చెరకు రసాన్ని ఇథనాల్‌కు మళ్లించకుండా ఆంక్షలు పెట్టింది. 2024 ఆగస్టులో వాటిని సడలించింది.

నీటి సంగతి కూడా తక్కువది కాదు. చెరకు నుండి లీటరు ఇథనాల్ రావాలంటే సుమారు 2,860 లీటర్ల నీరు ఖర్చవుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదిక చెప్పింది. బోర్లు ఎండిపోయే ప్రాంతాలలో ఇది చాలా పెద్ద లెక్క. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ ప్రజలు రోడ్డెక్కితే, అధికారులు పనులు ఆపవలసి వచ్చింది. అక్కడివారు అభివృద్ధికి వ్యతిరేకులు కారు. తమను అడగకుండా తమ ఊళ్లో నిర్ణయం జరగడాన్ని వారు ఒప్పుకోలేదు.

తిండి గింజ జోలికి పోకుండా పంట వ్యర్థాల నుండి ఇథనాల్ తీయడం ఒక మంచి మార్గం. 2022 ఆగస్టులో హర్యానాలోని పానిపట్‌లో అటువంటి కర్మాగారం ప్రారంభమైంది. సంవత్సరానికి సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుండి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలన్నది దాని లక్ష్యం. ఖర్చు ఎక్కువ, గడ్డి సేకరణ కష్టం. అయినా పొలంలో తగులబెట్టే గడ్డికి వెల కట్టగలిగితే రైతుకు రెండో ఆదాయం దొరుకుతుంది.

మనం అడగవలసిన ప్రశ్నలు

రైతు దేశానికి వెన్నెముక అని చిన్నప్పటి నుండి వ్యాసాలలో రాస్తున్నాం. వెన్నెముక అన్నప్పుడు దాని మీద ఎంత బరువు పెడుతున్నామో కూడా చూడాలి. మీ ఊరికి ఇంధన తోటలో, ఇథనాల్ ఫ్యాక్టరీయో వస్తుందని గ్రామసభలో చెప్పిన రోజున ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. వాడే భూమి ఎవరిది? ఇప్పుడు దాని మీద ఎవరు బ్రతుకుతున్నారు?
2. నీరు ఎక్కడి నుండి వస్తుంది? వాడిన నీరు ఎక్కడికి పోతుంది?
3. రైతుకు ధర ముందే రాతపూర్వకంగా ఇస్తారా? ఎన్ని రోజులలో చెల్లిస్తారు?
4. పంట చేతికి వచ్చే వరకు కుటుంబం ఎలా గడవాలి? పంట పోతే నష్టం ఎవరిది?
5. పిప్పి, చెక్క, లాభం వీటిలో రైతు సంఘానికి, మహిళా సంఘానికి, కౌలు రైతుకు, కూలీకి వాటా ఉందా?

ఈ ఐదింటికీ సరైన జవాబు ఉంటే ఆ పథకాన్ని మనమే ముందుండి నడిపించాలి. జవాబు లేకపోతే అది ఎంత గొప్ప పేరుతో వచ్చినా కొంచెం ఆగమని చెప్పాలి.

మిత్రులారా! మన అమ్మానాన్నలకు పొలం పని వచ్చు. నివేదిక చదవడం, ఒప్పందంలోని షరతు అర్థం చేసుకోవడం, లెక్క కట్టడం మనకు వచ్చు. ఈ రెండూ ఒకచోట చేరితే రైతు ముడిసరుకు ఇచ్చేవాడిగా కాక, భాగస్వామిగా నిలబడగలడు. వ్యవసాయ డిప్లొమా చదివేవారు, కెమిస్ట్రీ చదివేవారు, గ్రూప్స్ రాసి రేపు అధికారులు కాబోయేవారు ఈ హాస్టల్ గదులలోనే ఉన్నారు. ఇక్కడి నుండి వెళ్లి ఉద్యోగాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు కూడా ఈ సంచిక చదువుతారు. సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఈ వ్యాసంలోని మొక్కజొన్న లెక్కను మీ ఇంటి పంటకు వేసి చూడండి. మనం పండించిన దానికి ఎక్కడ ఎంత విలువ పెరుగుతోందో, అందులో మన ఇంటికి చేరేది ఎంతో కాగితం మీద రాసి ఇంట్లో వారికి వినిపించండి.