గీత ఎక్కడ గీయాలి?

మ్యాప్‌లో సముద్రతీరం వంకరపోతే సార్ మార్కు తీసేస్తారు. కంటి ఫోటోలో గీత వంకరపోతే ఏమవుతుందో రాస్తున్నాను.

దసరా సెలవుల్లో మా అవ్వను కుప్పంలో కంటి డాక్టరమ్మకు చూపించినాం. అవ్వకు ఎడమకంటితో పక్కలు కనపడవు. శుక్లమేమో అనుకున్నాం. కాదు, నీటికాసులంట. శుక్లం తీస్తే చూపు వస్తుంది. నీటికాసుల్లో పోయిన చూపు మళ్లీ రాదు, ఉన్నదాన్ని మందుతో కాపాడుకోవాల్సిందే.

కంటి నుంచి మెదడుకు పోయే నరంలో పది లక్షలకు పైగా సన్నని పోగులు ఉంటాయి. ఫోటోలో ఆ నరం మొదలు గుండ్రని బిళ్ళలాగా, దాని నడుమ తెల్లగా ఒక గుంట కనిపిస్తాయి. పోగులు చచ్చేకొద్దీ గుంట పెద్దదవుతుంది. బిళ్ళ నిలువును 10 భాగాలు అనుకుంటే, గుంట 3, 4 ఉండడం మామూలు. 6, 7 అయితే అనుమానించాలి. (పుట్టుకతోనే పెద్ద గుంట ఉన్నవాళ్లూ ఉంటారు. అందుకే కంటి ఒత్తిడి, పక్కచూపు కూడా పరీక్షిస్తారు.)

కొలవాలంటే ముందు అంచు గీయాలి కదా. మనిషి, కంప్యూటరు కలిసి గీసే ఒక పద్ధతికి ‘పాములు’ అని పేరు! కాస్, విట్కిన్, టెర్జోపౌలస్ అనే ముగ్గురు 1988లో దాన్ని ప్రచురించినారు. కంప్యూటరుకు ఫోటో అంటే గళ్ల కాగితం. ప్రతి గడిలో వెలుగును చెప్పే అంకె ఉంటుంది, 0 అయితే నలుపు, 255 అయితే తెలుపు. మనం బిళ్ళ పక్కన ఒక గీత వేస్తే అది పాములాగా జరిగి, అంకెలు ఉన్నట్టుండి మారేచోట అతుక్కుంటుంది. తప్పు అంచును పట్టుకుంటే మనం స్ప్రింగు తగిలించి లాగాలి, తోసేయాలంటే ‘అగ్నిపర్వతం’ పెట్టాలి. ఈ పేర్లు నేను కల్పించినవి కావు, వాళ్లు పెట్టినవే. 2023లో మెటా కంపెనీ విడుదల చేసిన ‘సెగ్మెంట్ ఎనీథింగ్’లో అయితే ఒక చుక్క నొక్కితే చాలు, అంచు వచ్చేస్తుంది.

బిళ్ళతో పెద్ద చిక్కు లేదు. గుంటతోనే కష్టం. దాని అంచు రంగులో సరిగా తేలదు. సన్న రక్తనాళాలు గుంటలోకి దిగేచోట వంగుతాయి, ఆ వంపును చూసి పోల్చుకోవాలి. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్లు మదురై అరవింద్ కంటి ఆసుపత్రితో కలిసి దీనిమీద పనిచేసినారు. 2014లో ‘దృష్టి-జీఎస్’ పేరుతో 101 కంటి ఫోటోలు బయటపెట్టినారు. ఒక్కో ఫోటోమీద నలుగురు కంటి నిపుణులు గీసినారు. వాళ్ల అనుభవం 3, 5, 9, 20 ఏళ్లు. అందరి గీతలూ ఒకచోట పడలేదు. అందుకే ఒక గీతనే నిజమనకుండా, ఏ గడిని ఎంతమంది గుంట అన్నారో కూడా లెక్కకట్టినారు.

డాక్టర్లకే తేడా వస్తుందా? నేను నమ్మలేదు. అవ్వ కంటి ఫోటోమీద ట్రేసింగ్ కాగితం పెట్టి, మా గదిలో నలుగురం ఒకరిది ఒకరు చూడకుండా గీసినాం. స్కేలుతో కొలిస్తే గుంట 10లో 4, 5, 6, 7 వచ్చింది. 4 నాది. నా గీతే సరైనదైతే అవ్వ కన్ను బాగున్నట్టే! 7 గీసినవాడు ఆరో తరగతి పిల్లోడు. “అన్నా, ఈ నాళం ఇక్కడ వంగింది చూడు” అని వేలుపెట్టి చూపించినాడు. నేను తెల్లగా ఉన్నంతవరకే చూసినాను.

మా నాలుగు కాగితాలూ కింద అతికించినాను. ఫోటో, ఖాళీ ట్రేసింగ్ కాగితాలు వార్డెన్ సార్ దగ్గర ఉన్నాయి. గీయాలనుకునేవాళ్లు మావి చూడకముందే గీయండి.