రేడియో ముల్లు జరిపితే ఏం జరుగుతుంది?

పిల్లలూ! మీ ఇంట్లో గానీ, తాతగారి ఇంటి అటక మీద గానీ పాత రేడియో ఏదైనా ఉందేమో చూడండి. దాని ముందు అంకెలు వేసిన పలక, పలక మీద సన్నని ముల్లు, పక్కన గుండ్రని మీట ఉంటాయి. మీట తిప్పితే ముల్లు జరుగుతుంది. ముల్లు 837 దగ్గర ఆగితే విజయవాడ, 738 దగ్గర ఆగితే హైదరాబాదు, 927 దగ్గర ఆగితే విశాఖపట్నం. మీడియం వేవు మీద ఆకాశవాణి వింటూ పెరిగినవారికి ఈ అంకెలు కంఠతా వచ్చేవి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. విజయవాడ తరంగాలూ, హైదరాబాదు తరంగాలూ, ఇంకా ఎన్నో కేంద్రాల తరంగాలూ ఒకేసారి వచ్చి మీ రేడియో ఏరియల్ తీగను తాకుతున్నాయి. ఆ తీగకు ఎవరు ఎవరో తెలియదు. అన్నింటినీ కలగాపులగంగా లోపలికి పంపుతుంది. మరి అన్ని గొంతుల్లోంచి మనం కోరిన ఒక్క గొంతును ఏరి పట్టేది ఎవరు?

దీనికి జవాబు కోసం అట్లతద్దెనాటి ఉయ్యాల దగ్గరికి వెళ్దాం. చెట్టు కొమ్మకు 4 మీటర్ల తాళ్లతో ఉయ్యాల కట్టారనుకోండి. అది ఒకసారి ముందుకు వెళ్లి వెనక్కి రావడానికి సుమారు 4 సెకండ్లు పడుతుంది. కూర్చున్నది చిన్న పిల్లయినా, పెద్దమ్మాయి అయినా అంతే. అది ఆ ఉయ్యాల సహజ లక్షణం. సెకండుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్యను పౌనఃపున్యం అంటారు. ఉయ్యాల వెనక్కి వచ్చినప్పుడల్లా, అంటే సరిగ్గా 4 సెకండ్లకొకసారి, చిటికెన వేలితో తోసినట్టు తోసినా చాలు. పది ఇరవై తోపులయ్యేసరికి ఉయ్యాల కొమ్మలనందుకుంటుంది. అదే 3 సెకండ్లకొకసారి తోశారనుకోండి. ఒక తోపు ఊపునిస్తే, మరో తోపు ఎదురుపడి ఆ ఊపును కాస్తా చంపేస్తుంది. ఎంత బలం పెట్టినా ఫలితం ఉండదు. తోపుల పౌనఃపున్యం ఉయ్యాల సహజ పౌనఃపున్యంతో కలిసినప్పుడు ఊగడం విపరీతంగా పెరగడాన్నే అనునాదం అంటారు.

రేడియోలో అలాంటి ఉయ్యాల ఒకటి ఉంది. అయితే అందులో ఊగేది మనిషి కాదు, విద్యుత్తు. దాన్ని కట్టడానికి రెండే వస్తువులు కావాలి: ఒక తీగచుట్ట, ఒక కండెన్సరు. కండెన్సరు అంటే ఒకదానికొకటి తగలకుండా ఎదురెదురుగా ఉంచిన లోహపు రేకులు. వాటి మీద విద్యుదావేశాన్ని నిలవ చేయవచ్చు. అలా ఆవేశం నింపిన కండెన్సరును తీగచుట్టకు కలిపితే, ఆవేశం చుట్ట గుండా పరుగు తీస్తుంది. చుట్టలో ప్రవాహం రాగానే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. కండెన్సరు ఖాళీ అయిపోయిన క్షణంలో ప్రవాహం ఆగిపోవాలి కదా! ఆగదు. తీగచుట్టది మొండి స్వభావం. లేని ప్రవాహాన్ని రానివ్వడానికి ఎంత పేచీ పెడుతుందో, ఉన్న ప్రవాహాన్ని పోనివ్వడానికీ అంతే పేచీ పెడుతుంది. అందుచేత ప్రవాహం అలాగే సాగి, కండెన్సరును ఈసారి తలకిందులుగా నింపుతుంది. మళ్లీ అది ఖాళీ కావడం, మళ్లీ నిండడం. ఉయ్యాల కింది బిందువు దగ్గరికి వచ్చి ఆగకుండా అవతలి వైపు ఎగబాకడం లాంటిదే ఇది. విలియం థామ్సన్ (ఈయనే తర్వాత కెల్విన్ ప్రభువు అయ్యాడు) 1853లోనే ఈ విద్యుత్ ఊగిసలాటను లెక్క కట్టి చూపాడు.

ఈ ఉయ్యాలకూ సహజ పౌనఃపున్యం ఉంది. తీగచుట్ట మొండితనాన్ని ప్రేరకత్వం అంటారు. దాన్ని హెన్రీలలో కొలుస్తారు. కండెన్సరు కెపాసిటీని ఫారడ్లలో కొలుస్తారు. ఈ రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, దాన్ని 6.28తో గుణించి, వచ్చినదానితో 1ని భాగించండి. అదే పౌనఃపున్యం. ప్రేరకత్వం గానీ కెపాసిటీ గానీ పెంచితే ఊగడం నెమ్మదిస్తుంది, తగ్గిస్తే వేగం హెచ్చుతుంది.

ఇప్పుడు మీట సంగతి. పాత రేడియో వెనుక మూత తీస్తే (ముందు ప్లగ్గు ఊడదీయండి సుమా!) అర్ధచంద్రాకారపు రేకుల గుత్తులు కనిపిస్తాయి. దాన్ని గ్యాంగ్ కండెన్సరు అంటారు. ఒక గుత్తి కదలదు. మీట తిప్పినప్పుడు రెండవ గుత్తి దాని సందుల్లోకి దూరుతూ, బయటికి వస్తూ ఉంటుంది. ఎంత లోపలికి దూరితే కెపాసిటీ అంత ఎక్కువ. ముల్లును జరపడమంటే నిజానికి కెపాసిటీని మార్చడమే! 200 మైక్రోహెన్రీల చుట్ట తీసుకుంటే, విజయవాడకు కావలసిన కెపాసిటీ సుమారు 181 పికోఫారడ్లు. హైదరాబాదుకు సుమారు 232. పలక మీద ఒక చివర 531 కిలోహెర్ట్జ్ కు 449 పికోఫారడ్లు కావాలి, రెండవ చివర 1602కు 49 చాలు. పౌనఃపున్యం మూడు రెట్లు పెరగడానికి కెపాసిటీ తొమ్మిదో వంతుకు దిగవలసి వచ్చింది చూశారా! సూత్రంలోని వర్గమూలం చేసే పని ఇది.

సరే, 181 దగ్గర నిలిపాం. అప్పుడు హైదరాబాదు తరంగం ఏమైనట్టు? అంకెలతోనే చూద్దాం. చుట్ట, కండెన్సరు వరుసగా ఉన్న వలయంలో రెండూ ప్రవాహాన్ని అడ్డుకుంటాయి. కానీ వాటి తీరులు వేరు. పౌనఃపున్యం పెరిగినకొద్దీ చుట్ట అడ్డు పెరుగుతుంది, కండెన్సరు అడ్డు తగ్గుతుంది. అంతేకాదు, ఒకటి తూర్పుకు లాగుతుంటే అదే క్షణంలో రెండవది పడమరకు లాగుతుంది. 837 కిలోహెర్ట్జ్ వద్ద రెండింటి అడ్డూ సమానం, ఒక్కొక్కటి సుమారు 1052 ఓములు. రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. ఇక మిగిలేది తీగ నిరోధం, అది 10 ఓములనుకోండి. విజయవాడ తరంగానికి తలుపు బార్లా తెరిచినట్టే. 738 వద్ద చుట్ట అడ్డు 927 ఓములు, కండెన్సరు అడ్డు 1193 ఓములు. పోటీలో 266 ఓములు మిగిలిపోయాయి! అందుచేత రెండు తరంగాలూ ఒకే బలంతో వచ్చినా, హైదరాబాదు పంపగల ప్రవాహం విజయవాడ ప్రవాహంలో ఇరవై ఆరో వంతు మాత్రమే. ఇలాంటి వలయాలు రెండు ఒకదాని తర్వాత ఒకటి పెడితే ఆ ఇరవై ఆరో వంతులో మళ్లీ ఇరవై ఆరో వంతు, అంటే దాదాపు ఏడువందలో వంతు. హైదరాబాదు వినబడదంటే వినబడదు.

ఈ ఏర్పాటు లేకపోతే ఏమయ్యేదో ఊహించనక్కరలేదు, జరిగింది. 1901లో న్యూయార్కు సముద్రంలో అమెరికా కప్పు పడవ పందేలు జరిగాయి. పందెం కబుర్లు తీరానికి చేరవేస్తామని మూడు వైర్‌లెస్ బృందాలు పోటీపడ్డాయి. అందులో మార్కోనీ కంపెనీ ఒకటి, లీ డి ఫారెస్ట్ బృందం ఒకటి. అప్పటి యంత్రాలు నిప్పురవ్వలతో తరంగాలు పుట్టించేవి. రవ్వ తరంగం ఉయ్యాలను ఒక్క గుద్దు గుద్ది వదిలేసినట్టు ఉంటుంది. నాలుగు ఊపులు ఊగి చచ్చిపోతుంది. అలాంటి తరంగం ఒక పౌనఃపున్యానికి కట్టుబడి ఉండక చుట్టుపక్కల అంతటా పరుచుకుంటుంది. ముగ్గురూ ఒకేసారి పంపేసరికి తీరాన ఉన్నవారికి ఎవరి సంకేతమూ అర్థం కాలేదు. చేపల సంతలో ముగ్గురు ముసుగు వేసుకుని ఒకే మాట అరిచినట్టయింది.

నిజానికి మందు అప్పటికే ఉంది. లివర్‌పూల్ లో ఆచార్యుడుగా ఉన్న ఆలివర్ లాడ్జ్ 1889లో ఒక చక్కని ప్రయోగం చేశాడు. ఆయన రెండు లైడెన్ జాడీలను, అంటే గాజు సీసాలతో చేసిన కండెన్సర్లను, కొంత దూరంలో ఉంచాడు. రెండింటికీ తీగ వలయాలు తగిలించాడు. రెండవ వలయంలో అటూ ఇటూ జరపగల అడ్డకడ్డీ ఉంది. మొదటి జాడీలో రవ్వ పుట్టినప్పుడు, కడ్డీ సరైన చోట ఉంటే, ఏ తీగా కలపని రెండవ జాడీలోనూ రవ్వ మెరిసింది. కడ్డీని కాస్త పక్కకు జరిపితే లేదు! రేడియో ముల్లుకు పూర్వీకుడు ఆ కడ్డీయే అని నేనంటాను. లాడ్జ్ 1897లో దీనికి పేటెంటు అడిగాడు. మార్కోనీ 1900లో శ్రుతి కలిపే వలయాలకు 7777 సంఖ్య గల పేటెంటు తెచ్చుకున్నాడు. ఎవరు ముందు అన్న తగవు 1943లో అమెరికా సుప్రీం కోర్టు దాకా నడిచింది. లాడ్జ్, టెస్లా, జాన్ స్టోన్ ముందే చెప్పారంటూ అక్కడి మార్కోనీ పేటెంటులోని ముఖ్యమైన అంశాలను కోర్టు కొట్టివేసింది. అప్పటికి మార్కోనీ పోయి ఆరేళ్లయింది.

అయితే తీగ నిరోధం ఎంత తగ్గితే అంత మంచిదా? తొందరపడి అవునని చెప్పకండి. మన వలయంలో 1052ను 10తో భాగిస్తే 105 వచ్చింది. దీన్ని క్యూ విలువ అంటారు. పౌనఃపున్యాన్ని క్యూతో భాగిస్తే, వలయం ఎంత వెడల్పు మేర తలుపు తెరుస్తుందో తెలుస్తుంది. 837ను 105తో భాగించండి: దాదాపు 8 కిలోహెర్ట్జ్. మీడియం వేవులో పక్కపక్క కేంద్రాల మధ్య మనకు 9 కిలోహెర్ట్జ్ ఎడం ఉంటుంది కనుక ఇది సరిపోయింది. నిరోధం 50 ఓములైతే క్యూ 21కి పడిపోయి తలుపు 40 కిలోహెర్ట్జ్ వెడల్పవుతుంది, ఇరుగు పొరుగులంతా లోపలికి వస్తారు. పోనీ నిరోధం 2 ఓములకు తగ్గిస్తే? తలుపు 1.6 కిలోహెర్ట్జ్ సందు అవుతుంది. మాట, పాట మోసుకొచ్చే తరంగం ఒక్క గీతలాగా ఉండదు, తన పౌనఃపున్యానికి అటూ ఇటూ కొన్ని కిలోహెర్ట్జ్ మేర పరుచుకుని ఉంటుంది. సందు ఇరుకైతే సన్నాయిలోని హెచ్చు స్వరాలు గుమ్మం బయటే ఆగిపోతాయి. లోపలికి వచ్చేది దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. కనుక రేడియో తయారుచేసేవాడు పొరుగు గోల, పాట నాణ్యత రెండూ చూసుకుని మధ్యస్థంగా స్థిరపడాలి. చేతి గడియారంలోని స్ఫటికానికి ఈ బాధ లేదు. సెకండుకు 32,768 సార్లు కంపించడమే దాని పని, పాట పాడనక్కరలేదు. అందుకే దాని క్యూ వేలల్లో ఉన్నా మంచిదే.

ఒక హెచ్చరిక. అనునాదంలో కండెన్సరు కొసల మధ్య వోల్టేజి, మనం ఇచ్చినదానికి క్యూ రెట్లు అవుతుంది. ఏరియల్ నుంచి వచ్చే మిల్లీవోల్టు 105 మిల్లీవోల్టులైతే మనకు లాభం. కానీ ఇంటి కరెంటు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. దానికి సరిపోయే చుట్ట, కండెన్సరు కలిపితే, క్యూ 10 మాత్రమే ఉన్నా, 230 వోల్టులు కాస్తా 2300 అవుతాయి! కండెన్సరు పేలవచ్చు, ప్రాణం పోవచ్చు. కనుక గోడ ప్లగ్గు జోలికి పోకండి.

చేసి చూడాలనుకుంటే దారం చాలు. రెండు బరువైన కుర్చీల మధ్య ఒక దారం కాస్త వదులుగా కట్టండి. దానికి నాలుగు దారాలతో నాలుగు ఇనుప నట్లు వేలాడదీయండి. రెండింటి పొడవు 30 సెంటీమీటర్లు, ఒకటి 20, ఒకటి 45. 30 సెంటీమీటర్ల వాటిలో ఒకదాన్ని పక్కకు లాగి వదలండి. కాసేపటికి రెండవ 30 సెంటీమీటర్లది జోరుగా ఊగుతుంది, తక్కినవి కొద్దిగా కదిలి ఊరుకుంటాయి. ఇప్పుడు ఊగిన ఆ రెండవదానికి పోస్టుకార్డంత అట్టముక్కను రెక్కలా అంటించి, గాలి అడ్డం పడేలా తిప్పి మళ్లీ చేయండి. ఈసారి అది ఎంత ఊగిందో, మన వలయంలో నిరోధాన్ని 10 ఓముల నుంచి 50 ఓములకు పెంచిన సంగతితో పోల్చి చూడండి.