ఉత్తర సముద్రపు కాన్వాయ్‌లు: పి.క్యూ. 17 గాథ

1941 జూన్‌లో జర్మనీ సోవియట్ దేశముపై దండెత్తిన పిదప, బ్రిటన్, అమెరికాలు పంపిన ట్యాంకులు, విమానములు, ఆహారపదార్థములు ఆర్కిటిక్ సముద్రమార్గమున ముర్మాన్‌స్క్, ఆర్ఖాంగెల్స్క్ రేవులకు చేరుచుండెను. వర్తకనౌకలు విడివిడిగా పోక, యుద్ధనౌకల రక్షణలో బారులు తీరి సాగు ఈ పద్ధతికే కాన్వాయ్ అని పేరు. 1941 ఆగస్టు నాటి ‘డెర్విష్’ వీనిలో మొదటిది. వెచ్చని సముద్రప్రవాహము సోకుటచే ముర్మాన్‌స్క్ రేవు శీతకాలమునందును గడ్డకట్టదు. 

అలల తుంపరలు డెక్కుపై పడినంతనే మంచై పేరుకొనగా, ఆ బరువునకు ఓడ ఒరిగిపోవునేమోయని నావికులు గొడ్డళ్లతోను సుత్తులతోను దానిని పగులగొట్టుచుండెడివారు. ఆ చలిలో నీట పడినవాడు కొన్ని నిమిషములకు మించి బ్రతుకుట దుర్లభము.

ఈ కాన్వాయ్‌లలో మిక్కిలి విషాదకరమైనది, 1942 జూన్ 27న ఐస్‌లాండ్ నుండి బయలుదేరిన పి.క్యూ. 17. జర్మన్ మహానౌక ‘టిర్పిట్జ్’ మీదపడునను శంకతో, జూలై 4న లండన్ నుండి అడ్మిరల్ డడ్లీ పౌండ్ నౌకలను చెదరిపొమ్మని ఆజ్ఞాపించెను. క్రూయిజర్లు, డిస్ట్రాయర్లు పడమటికి మరలిపోగా, దిక్కులేని వర్తకనౌకలలో 24 జలాంతర్గాముల టార్పెడోలకును విమానముల బాంబులకును బలియయ్యెను. ఎంత జాగరూకతతో యోచించి చేసినదైనను ఆ ఆజ్ఞను సమర్థించుటకు నా మనసొప్పదు. ఏలయన టిర్పిట్జ్ ఆ నౌకల దరికైనను రాలేదు.