వరిగల బీరు నేర్పిన ఏడు పాఠాలు

ఇరవై ఏళ్లుగా డెన్వర్‌లో మా గరాజ్‌లోనే బీరు కాస్తున్నాను. 1978లో ప్రెసిడెంట్ కార్టర్ సంతకం చేసిన చట్టం వల్ల అమెరికాలో ఇద్దరు పెద్దవాళ్లున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అమ్మకుండా కాచుకోవచ్చు. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా కాయడం నేరం. అందుకే ఈ మాటలు అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం, ముఖ్యంగా ఇంట్లో సీలియాక్ జబ్బు (గింజల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని జబ్బు) ఉన్నవాళ్ల కోసం. మా మేనల్లుడికి ఆ జబ్బు ఉందని తేలాకే నేను బార్లీ వదిలి వరిగలు పట్టాను.

1. గింజ దగ్గరే జాగ్రత్త పడాలి.
మొదట్లో నేను చేసిన తప్పు ఇది. బార్లీ బీరులో గ్లూటెన్‌ను తుంచే ఎంజైము ఒకటి దొరుకుతుంది. అది వేశాను, ఇక భయం లేదనుకుని మేనల్లుడికి గ్లాసు అందించాను. వాడు మూడు రోజులు మంచం దిగలేదు. ఆ ఎంజైము గ్లూటెన్‌ను ముక్కలు చేస్తుందే గాని మాయం చేయదు. పులిసిన పదార్థంలో మిగిలిన ఆ ముక్కలను పరీక్షలు సరిగా లెక్కకట్టలేవు. అందుకే అమెరికా ఎఫ్‌డీఏ 2020లో తెచ్చిన నిబంధన, గ్లూటెన్ లేదని చీటీ మీద రాయాలంటే పులియబెట్టకముందే సరుకులో గ్లూటెన్ ఉండకూడదంటుంది. సీలియాక్ ఉన్నవాళ్లకు బార్లీ, గోధుమ, రై గింజలతో కాచింది ఏదీ పోయకండి.

2. అమ్మ కాచిన జావను గుర్తుచేసుకోండి.
మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి విసిరిన రాగిపిండితో అమ్మ పసిపిల్లలకు జావ కాచేది. మామూలు పిండితో గట్టిపడే జావ, మొలకల పిండితో పలచగా, తియ్యగా ఉండేది. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని తుంచి చక్కెర చేస్తుంది. బీరుకు చేసే మ్యాష్, అంటే మాల్ట్‌ను (మొలకెత్తించి ఎండబెట్టిన గింజను) వేడినీటిలో నానబెట్టడం కూడా ఇదే పని. అమెరికాలో మిల్లెట్ మాల్ట్ అని అమ్మేది ఎక్కువగా మన వరిగలే. కొలరాడో, నెబ్రాస్కా మైదానాల్లో బాగా పండుతాయి. మా తాత చేలో చూసిన గింజను ఇక్కడ సంచిలో చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

3. పిండి ఉడకందే ఎంజైముకు అందదు.
అసలు చిక్కు ఇక్కడుంది. బార్లీ పిండి 60–65 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉడుకుతుంది. దానిలోని ఎంజైములూ ఆ వేడిలోనే బాగా పనిచేస్తాయి. వరిగలు, జొన్నల పిండి పూర్తిగా ఉడకాలంటే 70 దాటాలి. ఆ వేడికి చక్కెర చేసే ఎంజైములు చచ్చిపోతాయి. నా మొదటి వరిగల మ్యాష్‌ను బార్లీ లెక్కన 66 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాను. చివరికి చేతికొచ్చింది తీపి లేని కుడితి నీళ్లు.

4. వేడిలో మొదలుపెట్టి కిందికి దిగండి.
బార్లీకి వేడి మెట్టుమెట్టుగా పెంచుతాం. వరిగలకు తగ్గించాలి. ముందు 80 డిగ్రీల దగ్గర, వేడిని తట్టుకునే ఆల్ఫా అమైలేజ్ వేసి గంట ఉంచుతాను. పిండి ఉడుకుతూనే పలచబడుతుంది. తర్వాత 62–63కు చల్లార్చి, చక్కెర చేసే రెండో ఎంజైము వేసి మరో గంటన్నర ఉంచుతాను. మ్యాష్ పులుపు, అంటే పీహెచ్, 5.3–5.6 మధ్య ఉండాలి. మోతాదుకు సీసా మీద రాసిందే ప్రమాణం. రెండో ఎంజైముగా గ్లూకోఅమైలేజ్ వాడితే మ్యాష్‌లోనే వేయండి, తర్వాతి మరుగులో దాని పని ఆగిపోతుంది. పులిసే బీరులో వేస్తే సీసాలోనూ చక్కెర చేస్తూనే ఉంటుంది, సీసా పగిలే ప్రమాదం ఉంది.

5. కొన్న ఎంజైము లేకున్నా తేట దాచుకోవచ్చు.
ఇది ఓపిక ఉన్నవాళ్ల పద్ధతి. మాల్ట్‌ను 50 డిగ్రీల లోపు నీటిలో అరగంట నాననిచ్చి, పైకి తేలిన తేటను తీసి పక్కన పెట్టండి. గింజలోని ఎంజైములు చాలావరకు ఆ తేటలోకి దిగుతాయి. అడుగున ఉన్న గింజను బాగా ఉడికించి, 65కు చల్లార్చి, తేట తిరిగి పోయండి. గంట దాటాక రుచి చూస్తే తీపి తెలుస్తుంది.

6. నాలుక తర్వాత అయోడిన్ మాట వినండి.
తెల్ల పింగాణీ పళ్లెంలో చెంచాడు ద్రవం తీసి ఒక చుక్క అయోడిన్ వేయండి. నీలం, నలుపు తిరిగితే పిండి ఇంకా మిగిలుందని అర్థం. అయోడిన్ రంగే నిలిస్తే పని అయినట్టు. చూశాక ఆ చెంచాడూ పారబోయండి, మళ్లీ గిన్నెలో కలపకండి. ఆ తర్వాత వడకట్టేటప్పుడు నీరు దిగకపోతే కడిగిన వరి ఊక కలపండి. అసలు మాల్ట్ మరపట్టేటప్పుడే ఒకటి చూసుకోవాలి: వరిగ గింజ చిన్నది, బార్లీకి పెట్టిన మరలో నలగకుండా జారిపోతుంది. రోలర్ల సందు తగ్గించాలి.

7. గొట్టాన్నీ ఈస్టునూ నమ్మేముందు అడగండి.
బార్లీ కాచిన ప్లాస్టిక్ డబ్బాల గీతల్లో, గొట్టాల్లో, మరలో గ్లూటెన్ దాగుంటుంది. ఎంత కడిగినా నాకు నమ్మకం కుదరలేదు, కొత్తవి కొన్నాను. ద్రవరూపంలో అమ్మే ఈస్టును చాలాసార్లు, మ్యాష్ నుంచి వడకట్టిన తీపి ద్రవమైన బార్లీ వర్ట్‌లోనే పెంచుతారు. పొడి ఈస్టు సాధారణంగా మొలాసిస్ మీద పెరుగుతుంది. అయినా గ్లూటెన్ లేదని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే కొంటాను.

ఇన్నేళ్లకు నాకు స్థిరపడిన మాట ఒకటే. ఎంజైము పిండిని చక్కెర చేస్తుంది, బార్లీని వరిగగా మార్చదు. మీ ఇంటికి వచ్చే అతిథుల్లో సీలియాక్ ఉన్నవాళ్లు ఒక్కరున్నా, గ్లాసు అందించేముందు ఏ గింజతో కాచారో, ఏ పాత్రలో కాచారో వాళ్లకు చెప్పండి. తాగాలో వద్దో వాళ్లనే నిర్ణయించుకోనివ్వండి.