ఎర్ర లైటు వెలగక ముందే

పాతపట్నం స్టేషను రోడ్డులో ఒకప్పుడు జీడిపిక్కల బస్తాలు దింపుకునే గోడౌను ఒకటుంది. మా వీధి పిల్లలు నలుగురు దాన్ని అద్దెకు తీసుకుని స్టూడియో చేశారు. "బాబాయ్, ఓపాలి వచ్చి సూడు, ఎలాగుందో సెప్పు" అంటే వెళ్ళాను. ఒక కెమెరా, రెండు ఫోన్లు, మూడు ఎల్‌ఈడీ దీపాలు, గోడకి ఆకుపచ్చ గుడ్డ. వచ్చే ఆదివారం తప్పెటగుళ్ళ బృందాన్ని పిలిచి అరగంట కార్యక్రమం చేస్తారట. నేను హైదరాబాదు స్టూడియోల్లో కేబుళ్ళు చుట్టడంతో మొదలుపెట్టి ఫ్లోర్ మేనేజరుగా రిటైరైనవాణ్ణి. ఆ రోజు నోటితో చెప్పినవి పిల్లలు సగం మర్చిపోతారని కాగితం మీద పెడుతున్నాను.

1. గది మాట ముందు వినండి

కొత్తవాళ్ళు గదిలోకి రాగానే దీపాలు చూస్తారు. నేను చప్పట్లు కొడతాను. మీ గోడౌనులో ఒక్క చప్పట కొడితే మూడు వినిపించాయి. నాలుగు వైపులా సిమెంటు గోడలు, పైన రేకు. అక్కడ మనిషి మాట్లాడితే నూతిలోంచి మాట్లాడినట్టుంటుంది. బొమ్మ కాస్త మసకబారినా జనం ఓర్చుకుంటారు. మాట తెలియకపోతే ఓర్చుకోరు, వేరేది పెట్టుకుంటారు.

పెద్ద స్టూడియోల్లో గోడలకు చిల్లుల పలకలు బిగించి, వెనక దూది లాంటిది కూరతారు. మీకు అంత ఖర్చెందుకు? ఇంటికి రెండు బొంతలు తెండి, గోనె సంచులు ఎలాగూ అక్కడే పడున్నాయి. తాళ్ళు కట్టి గోడకి జానెడు దూరంలో వేలాడదీయండి. గోడకి అంటించేస్తే అంత పని చెయ్యవు. కింద జంపఖానా పరవండి. మళ్ళీ చప్పట కొట్టి చూడండి.

తర్వాత ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఉంటే ఆపండి. (ఆపిన ఫ్రిజ్‌లో మీ బండి తాళం పెట్టండి. ఇంటికి బయల్దేరేటప్పుడు తాళం కోసం తలుపు తీస్తారు, మళ్ళీ స్విచ్చి వేయడం గుర్తొస్తుంది. ఇది నాకొక సౌండ్ ఇంజనీరు నేర్పిన విద్య.) నౌపడా - గుణుపూర్ రైలు ఏ వేళకి పోతుందో గోడ మీద రాసి పెట్టుకోండి. మా చిన్నప్పుడు ఆ లైను మీద పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు నడిచేది. దాని కూత ముచ్చటగా ఉండేది. ఇప్పటి బ్రాడ్‌గేజి బండి హారను కొడితే మీ వక్త మాట సగంలో తెగిపోతుంది.

కాలరు మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. పట్టుచీర కొంగు, మెడలో గొలుసు దానికి రాసుకోకూడదు. ఒకడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా వినాలి. రికార్డయ్యాక వింటాం అంటే, అప్పటికి మనిషి బస్సెక్కేసి ఉంటాడు.

2. మీ కంటిని నమ్మకండి

మన కన్ను సర్దుకుపోతుంది, కెమెరా సర్దుకుపోదు. పాత హాలోజన్ దీపం వెలుగు పసుపు, పగటి వెలుగు నీలి. లెక్కలో చెప్పాలంటే మొదటిది సుమారు 3200 కెల్విన్, రెండోది 5600. కిటికీ తెరిచి, లోపల పసుపు దీపం వేస్తే మనిషి ముఖం ఒక చెంప పసుపు, ఒక చెంప నీలం. కిటికీ మూసేయండి. లేదా దీపాలే ఆ వెలుగుకు సరిపెట్టండి. తెల్ల కాగితం మనిషి కూర్చునే చోట పెట్టి, మూడు కెమెరాలకూ అక్కడే వైట్ బ్యాలెన్స్ చేయండి. ఫోన్లను ఆటోలో వదిలేస్తే మధ్యలో వాటికి తోచినట్టు రంగు మార్చేస్తాయి.

ఇంకొకటి. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు. ఫోన్లేమో 30 ఫ్రేముల మీద ఉంటాయి. ట్యూబులైటు కింద తీస్తే బొమ్మ మీద చారలు పాకుతుంటాయి. "లైటు పాడైపోనాది బాబాయ్" అన్నారు మీరు. లైటు బాగానే ఉంది. 25 ఫ్రేములు, షట్టరు 50లో ఒక వంతు పెట్టండి, చారలు పోతాయి. మన టీవీకి 25 ఫ్రేముల లెక్క వచ్చింది కూడా ఈ 50 సైకిళ్ళ కరెంటు వల్లే.

3. పొందూరు ఖద్దరు నేర్పిన పాఠం

కీ లైటు, ఫిల్ లైటు, బ్యాక్ లైటు అని మూడు దీపాలు ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. కీ లైటు ఎదురుగా ఒక పక్కకు, కంటికన్నా ఎత్తున. రెండో పక్క నీడ మరీ నల్లగా పడకుండా మెత్తగా ఫిల్. వెనక పైనుంచి జుట్టు మీదా భుజాల మీదా పడి, మనిషిని గోడ నుంచి విడదీసేది బ్యాక్ లైటు. ఇది గంటలో నేర్చుకోవచ్చు. కష్టం మనిషి వచ్చి కూర్చున్నాక మొదలవుతుంది.

ఒకసారి మన జిల్లా పెద్దాయన ఒకరు పొందూరు ఖద్దరు పంచె, లాల్చీ, ఉత్తరీయం వేసుకుని స్టూడియోకి వచ్చారు. వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, సన్నగా వడికి నేసిన బట్ట. మల్లెపువ్వులా ఉంది. మన జిల్లా బట్ట అని నేను మురిసిపోయాను. కెమెరా మురవలేదు. బట్ట తెలుపు మండిపోతోంది. దానికోసం ఐరిస్ తగ్గించి లెన్సులోకి వెలుగు తక్కువ రానిస్తే, అసలే చామనఛాయ, ముఖం చీకటైపోయింది. బట్ట మార్చుకోమని అడగమన్నారు నన్ను. ఆ మాట నా నోట రాలేదు. లైటింగు చేసే పెద్దాయన నిచ్చెనెక్కి కీ లైటు కింది రెక్క సగం మూశాడు. వెలుగు ముఖం మీద నిలిచింది, ఛాతీ మీద తగ్గింది. భుజం మీద తెల్ల ఉత్తరీయం తీసి గోధుమరంగు శాలువా కప్పాం. అంతే. పావుగంట పని. ఏ బట్ట వేసుకొస్తున్నారని ముందురోజు ఫోనులో అడిగి ఉంటే ఆ పావుగంటా అక్కర్లేదు.

4. గీత దాటకండి

ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే వాళ్ళ మధ్య ఒక గీత ఉన్నట్టు అనుకోండి. కెమెరాలన్నీ ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. ఎడమ కెమెరా కుడివైపు మనిషిని, కుడి కెమెరా ఎడమవైపు మనిషిని పడుతుంది, నడుమ కెమెరా ఇద్దరినీ. గీత దాటితే ఇద్దరూ ఒకే వైపు చూస్తూ ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది. దీనికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

5. కథ మేకప్ గదిలో అయిపోకూడదు

ఇది నా తప్పు. ఏ స్టూడియోలో అని అడక్కండి. ఉత్తరాంధ్ర నుంచి ఒక వృద్ధ హరిదాసుగారు వచ్చారు. దీపాలు కుదరలేదు. ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి రెండు గంటలు సర్దాం. ఆ వేడికి చెమట, చెమటకి పౌడరు, మళ్ళీ చెమట. ఊరికే కూర్చోలేక ఆయన మేకప్ కుర్రాడికి తన గురువుగారి కథ మొదలుపెట్టారు. గజ్జె కట్టిన మొదటిరోజు, తిన్న దెబ్బలు, గురువు పోయిన రాత్రి. కుర్రాడి కళ్ళు నీళ్ళయ్యాయి. నేను దూరం నుంచి విని, ఇదే కదా మనకు కావలసింది అని సంబరపడ్డాను కానీ, ఆపాలని తోచలేదు.

కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది. యాంకరు గురువుగారి గురించే అడిగింది. ఆయన "ఇందాకే చెప్పాను కదమ్మా" అని రెండు ముక్కల్లో తేల్చేశారు.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. అతిథి ఎత్తు మనిషిని, వీలైతే అదే రంగు మనిషిని, కుర్చీలో కూర్చోబెట్టి దీపాలూ కెమెరాలూ సరిచూసుకోవడం. అతిథి వచ్చేసరికి పని అయిపోవాలి. వచ్చాక ఆయనతో వర్షాల గురించీ వరి ధర గురించీ మాట్లాడాలి, కథ గురించి మాత్రం అడగకూడదు. మంచినీళ్ళు ఇవ్వండి. తిరిగే కుర్చీ వేయకండి. కంగారులో మనిషి తిరుగుతూనే ఉంటాడు.

6. కాగితమే గడియారం

ఏ నిమిషానికి ఏది, ఎవరు, ఏ కెమెరా. ఈ మూడూ రాసిన కాగితాన్ని క్యూ షీటు అంటాం. అరగంట కార్యక్రమాన్ని చివరి నుంచి వెనక్కి లెక్క కట్టుకోవాలి. ముగింపు మాటకి నిమిషంన్నర కావాలంటే ఇరవై ఎనిమిదిన్నర దగ్గర ఫ్లోర్ మేనేజరు వేళ్ళు చూపించాలి. కంట్రోల్ రూము మాట అతని చెవిలో ఉంటుంది, అతని మాట చేతుల్లో ఉంటుంది. మీ నలుగురిలో ఎవరు ఆ పని చేస్తారని అడిగితే ముగ్గురు కెమెరా అన్నారు, ఒకడు యాంకరు అన్నాడు. తేల్చుకోండి.

యాంకరు అన్నవాడికి ఒక మాట. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివారు. అప్పుడు టెలిప్రాంప్టరు లేదు. వార్తలు కంఠతా పట్టి, జనం కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. ఏళ్ళ తరబడి అలాగే చేశారు. టెలిప్రాంప్టరు అంటే లెన్సు ముందు ఏటవాలుగా పెట్టిన గాజుపలక. అక్షరాలు దాని మీద పడతాయి, కెమెరా దాని వెనక నుంచి చూస్తుంది. ఫోనుతోనూ చేసుకోవచ్చు. కానీ ముందు రెండుసార్లు పైకి చదవకపోతే ఏ గాజుపలకా నిన్ను కాపాడదు. కళ్ళు ఎడమ నుంచి కుడికి పాకడం ఇంట్లో కూర్చున్న ముసలమ్మకి కూడా తెలిసిపోతుంది.

7. కరెంటు

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను రోజులు మీకు గుర్తే. అంత దూరం పోనక్కర్లేదు, గాలి గట్టిగా వీస్తే చాలు, కరెంటు పోతుంది. కెమెరాలకీ మైకులకీ బ్యాటరీ, కంప్యూటరుకి యూపీఎస్. ఖర్చు తగ్గించుకోవాలంటే దీపాల్లో తగ్గించుకోండి.

8. ఆదివారం సంగతి

తప్పెటగుళ్ళంటే ఛాతీ మీద రేకు పలక, కాళ్ళకి గజ్జెలు, ఎగిరే మనుషులు. ఆ రేకు అద్దంతో సమానం. దానికి ఎదురుగా కానీ పక్కన కానీ మీ ఆకుపచ్చ గుడ్డ ఉంటే ఆ పచ్చదనం రేకులో పడుతుంది, క్రోమా చేసేటప్పుడు, అంటే పచ్చరంగు తీసేసి వేరే బొమ్మ పెట్టేటప్పుడు, కంప్యూటరు ఆ ముక్కనీ తీసేస్తుంది. మనిషి గుండెల్లో కన్నం పడి, వెనక మీరు పెట్టిన కొండలు కనిపిస్తాయి. నవ్వకండి, ఇలాంటివి చూశాను. గుడ్డ విప్పేయండి.

కాలరు మైకు ఆ ఛాతీ మీద పనికిరాదు. ఒక మైకు పైనుంచి, ఒకటి గజ్జెల కోసం నేల దగ్గర. మైకులో శబ్దం మట్టం చూసేటప్పుడు వాళ్ళు మర్యాదకి మెల్లగా వాయిస్తారు, దాన్ని నమ్మొద్దు. "మావా, జాతర్లో కొట్టినట్టు కొట్టండి" అనండి, అప్పుడు మట్టం పెట్టండి. ఒక కెమెరా కదలకుండా పాదాల నుంచి తలల దాకా మొత్తం బృందాన్ని పట్టి ఉంచాలి. ఆటలో ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. మీ రేకు కప్పు దూలం ఎంత ఎత్తో కొలిచారా? నేను కొలిచాను. చాలదు.

కనుక నా మాట వినండి. కబుర్లు గోడౌనులో, ఆట మహేంద్రతనయ ఇసుకలో, పొద్దెక్కక ముందు. బృందం ఏడింటికి వస్తానంది. మీరు ఐదింటికే రండి. మా ఇంట్లోంచి ఆరు బొంతలు నేను తెస్తాను.